గిట్టల పొడి

అన్నీ కలిశాయి. రక్తం గ్రూపు కలిసింది, గుండె గట్టిదని తేలింది, రెండు కిడ్నీలూ పాతికేళ్ళ వాడివిలా ఉన్నాయని స్కానింగ్ తీసినాయన మెచ్చుకున్నాడు. యాభై రెండేళ్ళ మనిషికి ఇంతకన్నా మంచి మార్కులు ఎక్కడ వస్తాయి? పద్దెనిమిదో తారీఖున ఆపరేషన్, అన్న కిడ్నీ ఒకటి చెల్లెలికి. అంతా ఖాయం అనుకున్నాక, రెండో తారీఖు పొద్దున, ఆస్పత్రిలో మార్పిడి ఆపరేషన్ల ఏర్పాట్లు చూసే ఆవిడ మేస్త్రిని తన గదిలోకి పిలిచి కూర్చోమంది. ఆస్పత్రిలో కూర్చోమని చెప్పి మరీ చెప్పే కబురు మంచిది కాదని మేస్త్రికి తెలుసు. నిలబడే ఉన్నాడు.

"మీకు థైరాయిడ్ బాగా ఎక్కువగా ఉందండీ. ఇలా ఉంటే ఆపరేషన్‌కి ఒప్పుకోరు."

"నాకా? నేను నిక్షేపంలా ఉన్నానండీ."

"మీరు నిక్షేపంలానే ఉన్నారు. రిపోర్టే లేదు."

మేస్త్రి అంటే ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు, గుర్రాలకు నాడాలు కొట్టే మేస్త్రి. స్వారీ నేర్పే బడి ఒకదాంట్లో ఇరవై రెండు గుర్రాలున్నాయి. ఒక్కొక్క దాని కాలూ పైకెత్తి మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, గిట్ట చెక్కి, ఆకురాయితో సాపు చేసి, నాడా పెట్టి మేకులు దిగగొట్టడం అతని పని. మేకు రవ్వంత లోపలికి వాలితే గుర్రం నెల రోజులు కుంటుతుంది. ముప్పై ఏళ్ళలో మేస్త్రి చేతి మేకు అలా వాలింది లేదు. తల మాత్రం ముప్పై ఏళ్ళ కిందటే నున్నగా అయిపోయింది. దానికి అతను ఏనాడూ బాధపడలేదు, దువ్వెన ఖర్చు తగ్గిందన్నాడు.

ఆవిడ మళ్ళీ చెప్పింది. గొంతు దగ్గరుండే చిన్న గ్రంథి హద్దూ పద్దూ లేకుండా పని చేస్తోందట. ఆ స్థితిలో కత్తి పెడితే గుండె అదుపు తప్పవచ్చట. అది దారికొచ్చేదాకా కిడ్నీ తీయరు. ఎన్నాళ్ళు పడుతుందని అడిగాడు. ఆరు నెలలు అవ్వచ్చంది.

ఆరు నెలలు. చెల్లెలికి డయాలసిస్ కోసం చేతిలో కుట్టిన రక్తనాళం రెండుసార్లు మూసుకుపోయింది. ఇప్పుడు మెడలోంచి గొట్టం వేశారు. ఆ గొట్టానికి ఒకసారి చీము పట్టి, పదకొండు రోజులు చలిజ్వరంతో కొట్టుకుంది. ఇంకోసారి అలా జరిగితే తట్టుకోలేదని డాక్టర్లు నాన్చకుండా చెప్పేశారు. ఆరు నెలలు ఆగడం ఆమె చేతిలో లేదు.

థైరాయిడ్ చూసే డాక్టరమ్మ గది రెండో అంతస్తులో ఉంది. అరవై దాటిన మనిషి, కళ్ళద్దాలు ముక్కు చివరన, మాట తక్కువ. రిపోర్టు చూసింది, మనిషిని చూసింది, మళ్ళీ రిపోర్టు చూసింది. ఒకరి పెళ్ళికి ఇంకొకరి ఫోటో పంపారేమో అన్నట్టుంది ఆవిడ చూపు.

"గుండె దడగా ఉంటుందా?"

"లేదండీ."

"చెమటలు? నిద్ర పట్టకపోవడం? ఒళ్ళు తగ్గడం?"

"పోయిన్నెలకంటే కిలోన్నర పెరిగానండీ. పడుకుంటే మా ఆవిడ లేపాలి."

చేతులు ముందుకు చాచమంది. వేళ్ళ మీద ఒక పల్చటి కాగితం పరిచింది. ఈ జబ్బున్న వాళ్ళకు చేతుల్లో సన్నని వణుకు ఉంటుందని, అది కాగితం మీద తెలుస్తుందని చెప్పింది. మేస్త్రి చేతుల మీద కాగితం బల్ల మీద పెట్టినట్టే ఉంది. నాడి పట్టుకుంటే అరవై రెండు.

"కాగితమేమో మీరు పరుగెడుతున్నారంటోంది. మీరేమో తాపీగా కూర్చున్నారు," అంది డాక్టరమ్మ. "మందులేమైనా వాడుతున్నారా? మాత్రలు, విటమిన్లు, టానిక్కులు?"

"ఒక్క మాత్ర కూడా మింగనండీ." అతని దృష్టిలో అది అబద్ధం కాదు.

లక్షణాలు లేకుండా కూడా జబ్బు ఉండవచ్చు, అలాగని జబ్బు లేకుండా కాగితం చెడవచ్చు అంది ఆవిడ. ఆరో తారీఖున మళ్ళీ రక్తం ఇమ్మంది. ఈసారి జబ్బు మూలం చెప్పే ఇంకో పరీక్ష కూడా రాసింది.

ఇక ఇక్కడ మేస్త్రి మింగేదేమిటో చెప్పుకోవాలి.

గుర్రాలశాలలో తెల్లచుక్క అని ఒక ముసలి ఆడగుర్రం ఉంది. ఆరేడు నెలల కిందట దాని గిట్టలు బీటలు వారి, మేకు పెడితే పెళుసుగా రాలిపోయేవి. పశువుల డాక్టరు ఒక పొడి డబ్బా ఇచ్చి, రోజూ దాణాలో ఒక గరిటె కలపమన్నాడు. నాలుగైదు నెలలకల్లా గిట్టలు గట్టిపడ్డాయి. అంతకన్నా వింతేమిటంటే, పీచులా వేలాడే దాని జూలు చెయ్యి పెడితే దూరనంత ఒత్తుగా అయింది. మేస్త్రి ఆ జూలు నిమురుతూ చాలాసేపు నిలబడిపోయాడు.

ఎందుకంటే ఆ ముందటి ఆదివారమే అతను చెల్లెలింటికి వెళ్ళాడు. స్నానాల గదిలో చేతులు కడుక్కుంటూ, కిటికీ మీద దువ్వెన చూశాడు. దానికి పిడికెడు జుట్టు చుట్టుకుని ఉంది. చిన్నప్పుడు చెల్లెలి జుట్టు దువ్వబోతే దువ్వెన పళ్ళు ఊడి వచ్చేవి. పోస్టాఫీసులో స్టాంపుల కోసం వచ్చిన వాళ్ళు ఆమె జడ చూసి వరస మర్చిపోయేవారని ఇంట్లో అందరూ ఏడిపించేవారు. జబ్బు ఆమె ఉద్యోగం మాన్పించింది, తిండి మాన్పించింది, నీళ్ళు కూడా కొలిచి తాగమంది. ఆమె దేనికీ ఏడవలేదు. జుట్టు ఊడడం మొదలయ్యాక మాత్రం తలకు రుమాలు కట్టుకోవడం మొదలుపెట్టింది. చలిగా ఉందనేది. ఎండాకాలంలో కూడా చలే.

ఈ పొడి పిట్టకిస్తే? మేస్త్రి ఆమెను పిట్ట అనే పిలుస్తాడు. అయితే మూలిగే ప్రాణానికి గుర్రం దాణా పెట్టేంత తెలివితక్కువవాడు కాదు మేస్త్రి. ముందు తాను తిని చూడాలి. రెండు నెలలు తిని, తనకేమీ కాకపోతే, అప్పుడు డాక్టర్లనడిగి ఆమెకివ్వాలి. అలా రోజూ పొద్దున్నే తెల్లచుక్క దాణాలో ఒక గరిటె, తన పాలగ్లాసులో ఒక గరిటె. తన డబ్బా వేరేగా కొనుక్కున్నాడు, తెల్లచుక్క వాటా ఎత్తుకుపోయే రకం కాదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కొంత. దువ్వెన చూశానని చెల్లెలికి తెలియకూడదని ఎక్కువ.

మరి డాక్టరమ్మ అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదంటే, ఆవిడ మందుల సంగతి అడిగింది. ఇది మందు కాదు, దాణా. ముప్పై ఏళ్ళుగా గుర్రాలతో బతికినవాడికి మందు వేరు, దాణా వేరు.

పైగా ఆ రిపోర్టు చూసి మేస్త్రి ఇంకో పని చేశాడు. గుర్రం రిపోర్టు బాగోలేకపోతే గుర్రాలవాడు మొదట చేసేదేమిటి? దాణా పెంచుతాడు. మూడో తారీఖు నుంచి పాలగ్లాసులో రెండు గరిటెలు పడ్డాయి. పిండి కొద్దీ రొట్టె కదా అనుకున్నాడు.

ఆరో తారీఖున రక్తమిచ్చాడు. ఏడో తారీఖున రిపోర్టొచ్చింది. మొదటిదానికన్నా రెండింతలు చెడ్డగా ఉంది. జబ్బు మూలం చెప్పే పరీక్ష కూడా జబ్బే అని చెప్పింది.

ఆ సాయంత్రం చెల్లెలింట్లో నలుగురూ కూర్చున్నారు. చెల్లెలి భర్త ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తాడు, నిదానస్తుడు, ఎవరితోనూ గొడవ పెట్టుకోని మనిషి. ఆ రోజు మాత్రం బల్ల మీది రిపోర్టును వేలితో అవతలికి నెట్టాడు.

"బావా, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. నువ్వు మందూ మాకూ ఏమైనా మింగి ఇదంతా తెప్పించుకోలేదు కదా? ఇష్టం లేకపోతే మొహం మీద చెప్పొచ్చు. ఇలా దొంగదారి అక్కర్లేదు."

మేస్త్రికి చెవులు వేడెక్కాయి. లేచి కొట్టాలనిపించింది. కానీ ఆ మనిషి కళ్ళ కింద నల్లటి గుంటలు చూశాడు. మూడేళ్ళుగా వారానికి మూడుసార్లు భార్యను ఆస్పత్రికి మోసుకెళ్తున్నవాడు. కూర్చునే ఉండిపోయాడు.

"ఆయన్ని మాటనకండి," అంది మేస్త్రి భార్య. బట్టలు కుట్టే మనిషి, మాట కూడా కొలత ప్రకారమే మాట్లాడుతుంది. తరవాత ఇంకేదో అనబోయి ఆగింది.

చెల్లెలు రుమాలు సర్దుకుని, అన్న పక్కకొచ్చి కూర్చుంది. చేతి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వేడిగా లేదని మేస్త్రి ముందు చూసుకున్నాడు. ఈ మధ్య అతనికదో అలవాటైపోయింది.

"అన్నయ్యా, భయమేస్తే మానెయ్. నిజంగా చెబుతున్నా. నేనేమీ అనుకోను."

చెల్లెలి భర్త మాటకన్నా ఈ మాట లోతుగా దిగింది. తనను దొంగ అన్నవాడి మీద కోపగించుకోవచ్చు. తనను క్షమించేసిన దాన్ని ఏం చెయ్యాలి? "భయం లేదే పిట్టా" అన్నాడు. ఆ మాట అతని చెవులకే పిరికివాడి మాటలా వినిపించింది.

ఇంటికి వెళ్ళే దారిలో భార్య రిపోర్టును నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

"నన్ను తిట్టుకో," అంది. "ఈ కాగితం చూసినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. నువ్వు ఆపరేషన్ బల్ల ఎక్కక్కర్లేదని."

"తిట్టుకోను."

"తిట్టుకుంటేనే బాగుండేది," అంది, కళ్ళు తుడుచుకుంటూ. మేస్త్రికి తన గుండె మీద అనుమానం మొదలైంది. నిజంగా లోపల భయముందా? ఆ భయమే రక్తంలో కలిసి రిపోర్టులో పడిందా? మనసులో ఒకటీ ఒంట్లో ఒకటీ ఉంటుందా? మర్నాడు గుర్రాలశాలలో మేకు కొట్టబోయి, మొదటిసారి సుత్తి ఆపి తన చేతులవంక చూసుకున్నాడు. వణకడం లేదు. అయినా ఆ పూట ఒక్క నాడా కూడా కొట్టలేదు. పాలు మాత్రం తాగాడు, రెండు గరిటెలతో.

తొమ్మిదో తారీఖున డాక్టరమ్మ నలుగురినీ రమ్మంది. బల్ల మీద మాత్రల చీటీ రాసి సిద్ధంగా ఉంది. పక్కన ఏర్పాట్లు చూసే ఆవిడ కూడా ఉంది, ఆమె చేతిలో పద్దెనిమిదో తారీఖు రద్దు చేసే కాగితం ఉంది.

"రెండుసార్లు ఒకే మాట చెప్పిందంటే కాదనలేను. మాత్రలు మొదలుపెడదాం. ఆరు నెలలకి చూద్దాం."

మేస్త్రి చీటీ అందుకోలేదు. చేతులు రెండూ చాచి ఆవిడ ముందు పెట్టాడు.

"అమ్మా, మీరే కాగితం పెట్టి చూశారు. ఇరవై రెండు గుర్రాలు ఈ చేతులకి కాళ్ళిస్తాయి. ఒక్కటి కూడా బెదరదు. నాకు జబ్బుంటే నాకన్నా ముందు వాటికి తెలుస్తుంది. ఇంకొక్కసారి చూడండి. మా చెల్లెలికి ఆరు నెలలు లేవు."

చివరి మాట అనకూడదనుకున్నాడు, చెల్లెలి ఎదుట. నోరు జారిపోయింది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. చేతులవంక, ఆ మొద్దు వేళ్ళవంక, మేకుల్లాంటి గోళ్ళవంక చూసింది.

"సరే. మందుల సంగతి వదిలెయ్యండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా మీ నోట్లోకి ఏమేం వెళ్తాయో వరసగా చెప్పండి. మంచినీళ్ళతో సహా."

"లేవగానే టీ అండీ. తరవాత గుర్రాలశాలకెళ్ళి దాణాలు పెడతాను. తెల్లచుక్కకి పొడి కలుపుతాను. తరవాత నా పాలలో…"

ఆగిపోయాడు.

"మీ పాలలో?"

"అది మందు కాదండీ. దాణా."

"ఎవరి దాణా?"

"గుర్రానిదండీ. గిట్టలు గట్టిపడే పొడి. రెండు నెలల నుంచి ఒక గరిటె. మొదటి రిపోర్టు వచ్చాక రెండు."

గదిలో అయిదుగురూ అతన్నే చూస్తున్నారు. డాక్టరమ్మ మాత్రం కుర్చీలో ముందుకు వంగింది. అందులో ఏముంటుందని అడిగింది. అతనికి తెలియదు. గుర్రాలశాలకు ఫోన్ చేసి డబ్బా మీద రాసింది చదివించుకున్నాడు. అవతలివాళ్ళు ఒక్కొక్క పేరూ కూడబలుక్కుంటూ చదువుతుంటే ఇతను పైకి అప్పజెప్పాడు. మూడో పేరు బయోటిన్.

"ఆపండి," అంది డాక్టరమ్మ. వారం రోజుల్లో మొదటిసారి నవ్వింది.

జుట్టుకూ గోళ్ళకూ మనుషులు కూడా ఆ విటమిన్ తింటారంది. గుర్రం గిట్ట అన్నా గోరే కదా. దానివల్ల గ్రంథికేమీ కాదు, పరీక్షకే అవుతుంది. ఇక్కడి యంత్రం రక్తంలో హార్మోన్లను పట్టుకోవడానికి అదే విటమిన్‌ను జిగురులా వాడుకుంటుంది. మనిషి రక్తం నిండా ఆ విటమినే తేలుతుంటే జిగురంతా దానికే అంటుకుపోతుంది. అప్పుడు లెక్క కొన్ని పరీక్షల్లో ఉన్నదానికన్నా తక్కువగా, కొన్నింట్లో ఎక్కువగా కనబడుతుంది. మూడు పరీక్షలదీ ఒకటే యంత్రం, మూడూ ఒకేలా మోసపోయాయి.

"ఇదింకా నా అనుమానమే. పొడి మానేసి, పదిహేనున మళ్ళీ రక్తమివ్వండి. అప్పటికీ ఇలాగే వస్తే జబ్బే. చీటీ అక్కడే ఉంటుంది," అని చీటీని పేపర్‌వెయిట్ కింద పెట్టింది. రద్దు కాగితాన్ని కూడా దాని పక్కనే పెట్టించింది.

"ఇదెక్కడి విడ్డూరం," అన్నాడు చెల్లెలి భర్త. అతని గొంతు కోపానికీ నవ్వుకీ మధ్య ఊగుతోంది. "బోడిగుండుకీ మోకాలికీ ముడి అంటే వినడమే గానీ ఇప్పుడు చూస్తున్నా. ఈ వయసులో జుట్టు మీద ఆశేంటి బావా నీకు?"

మేస్త్రి భార్య మొహాన చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏర్పాట్ల ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది, భుజాలు కదులుతున్నాయి. మేస్త్రి తన నున్నటి తల నిమురుకుని, "ఏదో ఆశ" అన్నాడు. అలా అనుకోవడమే మంచిదనుకున్నాడు.

"ఇంకెవరికీ పెట్టలేదు కదా అది?" అంది డాక్టరమ్మ, చీటీ పుస్తకం మూస్తూ. "అందులో రాగీ, జింకూ, ఇంకా ఏవేవో ఉన్నాయి. కిడ్నీలు పనిచేయని వాళ్ళకైతే ప్రమాదం."

మేస్త్రి మొహం తెల్లబోయింది. "లేదండీ" అన్నాడు, కింద నేల చూస్తూ. చెల్లెలు నవ్వడం మానేసి అన్నవంక చూసింది.

తరవాతి ఆరు రోజులు మేస్త్రి కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. పాలు కూడా మానేశాడు, వాటి మీద కూడా నమ్మకం పోయింది. నీళ్ళు తాగేముందు గ్లాసు రెండుసార్లు కడిగేవాడు. తన డబ్బా తెల్లచుక్క దాణాగదిలో పెట్టేశాడు. పన్నెండున చెల్లెలికి సాయంత్రం చలి పుట్టింది. జ్వరం నూరు. రాత్రంతా నూరే ఉంది. తెల్లవారేసరికి దిగింది. జ్వరం నూటొకటి దాటితే పద్దెనిమిదిన ఆపరేషన్ ఉండదన్నారు. ఇప్పుడు రెండు కాగితాలు మంచివి రావాలి, అన్నదొకటి, చెల్లెలిదొకటి.

పదిహేనున రక్తమిచ్చాడు. పదహారు పొద్దున గుర్రం కాలు మోకాళ్ళ మధ్య ఉండగా ఫోన్ మోగింది. కాలు కిందికి దింపే ఓపిక లేదు. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ నొక్కి పట్టాడు.

"శుభ్రంగా ఉంది," అంది డాక్టరమ్మ. "మీ ఈడు మనుషుల్లో ఇంత మామూలు రిపోర్టు ఈ మధ్య చూడలేదు. ఆ రెండు కాగితాలూ చించేశాను."

మేస్త్రి గుర్రం పొట్టకు తల ఆనించి ఏడ్చాడు. గుర్రం కదల్లేదు. సాయంత్రం ఇంట్లో ఈ మాట చెప్పినప్పుడు, భార్య కుట్టు మిషన్ ఆపకుండా తలూపింది. ఆ రాత్రే అతని ఆస్పత్రి సంచి సర్దింది, చొక్కాకు ఊడిన బొత్తాం కూడా కుట్టి పెట్టింది.

పద్దెనిమిది పొద్దున అన్నాచెల్లెళ్ళను పక్కపక్క మంచాల మీద ఉంచారు. మధ్యలో పచ్చ తెర. ఇద్దరికీ ఒకే రంగు గౌను, ఒకే రంగు టోపీ. ముందు అతన్ని తీసుకెళ్తారు. నర్సు పేరూ వివరాలూ అడిగి వెళ్ళాక, చెల్లెలు చెయ్యి చాచి తెర జరిపింది. టోపీ తీసేసింది. రుమాలు లేదు. జుట్టు చోటుచోటున పలచబడి, నెత్తి మీద చర్మం కనబడుతోంది. మూడేళ్ళలో ఆమె తల అతను చూడడం అదే మొదటిసారి.

"అన్నయ్యా, ముప్పై ఏళ్ళుగా నీకు లేని ఆశ ఇప్పుడెందుకు పుట్టింది?"

మేస్త్రి తన టోపీ సర్దుకున్నాడు.

"దువ్వెన చూశావు కదా, మా ఇంట్లో. ఆ రోజు చేతులు కడుక్కుని వచ్చినవాడివి, అన్నం తినకుండా వెళ్ళిపోయావు." ఆమె నవ్వాలనే చూసింది. "జుట్టు మొలిచే పొడిని బోడిగుండు మీద పరీక్ష పెట్టినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను. నీకు మొలుస్తుందా, చస్తుందా? ఏం తెలుస్తుందని తిన్నావ్?"

చక్రాల మంచం కదిలింది. తోసేవాళ్ళు ఇద్దరొచ్చి అడ్డుకమ్మీలు పైకెత్తారు. మేస్త్రి కమ్మీ మీదుగా చెయ్యి చాచి ఆమె తల మీద పెట్టాడు.

"మొలుస్తుందో లేదో చూద్దామని తినలేదే పిట్టా," అన్నాడు. "చస్తానో లేదో చూద్దామని తిన్నాను."

ఆమె ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. తోసేవాళ్ళు ఇక చాలన్నారు. ఆమె వదల్లేదు. వాళ్ళు కాసేపు ఆగారు.